మస్కదే వైన్: కొనడం నుంచి వడ్డించడం దాకా, ఏ తిండితో ఎలా తాగాలి

ఫ్రాన్స్‌లో పడమటి వైపున్న నాంత్ నగరంలో ఉన్న రోజుల్లో ఆదివారం పొద్దున్నే తలాన్సాక్ మార్కెట్‌కి వెళ్ళేవాణ్ణి. 1937లో కట్టిన మార్కెట్ అది. ఓ చలికాలపు ఉదయం ఆయిస్టర్లు, అంటే పచ్చిగా తినే సముద్రపు చిప్పలు, అమ్మే బల్ల దగ్గర ఆగాను. అమ్మే పెద్దాయన ఎడమ చేతికి మందపాటి గ్లవ్ తొడుక్కుని, కుడి చేత్తో పొట్టి కత్తిని చిప్ప సందులో దూర్చి మణికట్టు ఒక్కసారి తిప్పేవాడు. టక్కుమని మూత లేచేది. లోపలి ఉప్పునీరు చుక్క కూడా ఒలకకుండా పళ్ళెంలో పెట్టేవాడు. పక్కనే చిన్న గ్లాసులో లేత గడ్డిరంగు మస్కదే వైన్.

నేను ముందు వైనే తాగాను. పుల్లగా, పల్చగా, నిమ్మతొక్క వేసిన చల్లటి నీళ్ళలా అనిపించింది. దీనికేనా ఇంత పేరు అనుకున్నాను. తర్వాత ఒక ఆయిస్టర్ నోట్లో వేసుకుని, నమిలి మింగి, మళ్ళీ ఒక గుక్క తాగాను. అదే గ్లాసు, అదే వైన్. ఈసారి పులుపు మెత్తబడింది. ఎక్కణ్ణుంచో సన్నటి తీపి లాంటిది వచ్చింది. నోట్లో ఉన్న నీచు పోయి, సముద్రపు గాలి లాంటి రుచి మాత్రం మిగిలింది.

ఈ మార్గదర్శి ఆ రెండో గుక్క గురించే. మస్కదేని తిండి లేకుండా ఉత్తగా తాగి తీర్పు చెప్పినవాళ్ళు చాలామంది దాన్ని చవక వైన్ అని పక్కన పెట్టేశారు. అది అన్యాయం. దీని పనితనం తిండి పక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. అందుకే మీకు ఒక్క పద్ధతి చెప్తాను, మొదటి నుంచి చివరిదాకా అదే వాడండి: గుక్క, ముద్ద, మళ్ళీ గుక్క.

మొదటి మెట్టు: ఇది ఏ వైన్ కాదో తెలుసుకోండి

లేబుల్ మీద పేరు చివర 'ట్' అక్షరం ఉంటుంది గానీ పలకరు. మస్కదే అంటే చాలు. షాపులో మస్కట్, మస్కదెల్, మోస్కాతో అని దీనికి దగ్గరగా వినిపించే పేర్లు చాలా ఉంటాయి. వాటిలో మస్కట్‌, మోస్కాతోలకు పూల వాసన బాగా ఉంటుంది, మోస్కాతో అయితే తియ్యగానే ఉంటుంది. మస్కదే ఆ కోవకి చెందింది కాదు. ఇందులో తీపి దాదాపు ఉండదు. పేరు చూసి పొరబడి కొన్నవాళ్ళు మొదటి గుక్కకే ముఖం చిట్లించడం నేను చూశాను. తప్పు వైన్‌ది కాదు.

ఈ వైన్ చేసే ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్. మెలన్ అన్నారు కదా అని ఖర్బూజా వాసన కోసం వెతకొద్దు. ఊరి పేరు చెప్పినట్టే ఇది తూర్పున ఉన్న బుర్గోన్ ప్రాంతం నుంచి వచ్చింది. జన్యు పరీక్షల్లో తేలిందేమిటంటే, దీని తల్లిదండ్రులు పినో, గువే బ్లాన్ అనే రెండు పాత ద్రాక్షలు. షార్డొనే అనే తెల్ల ద్రాక్షకి కూడా అవే తల్లిదండ్రులు. అంటే ప్రపంచమంతా పేరున్న షార్డొనేకి ఇది తోబుట్టువు. పుట్టింట్లో దీన్ని తోటల్లోంచి పీకేశారు. అట్లాంటిక్ ఒడ్డున, లువార్ నది సముద్రంలో కలిసే చోట స్థిరపడింది.

అక్కడ ఎందుకు స్థిరపడిందంటే చలి వల్ల. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు బ్రాందీ కాచడానికి తెల్ల వైన్ కావాలని ఈ ప్రాంతంలో తెల్ల ద్రాక్ష వేయించారు. తర్వాత 1709 చలికాలం వచ్చింది. యూరప్ అంతా గడ్డకట్టించిన చలి అది. నాంత్ చుట్టుపక్కల తీగలు చాలావరకు చచ్చిపోయాయి. మళ్ళీ నాటేటప్పుడు చలికి తట్టుకుంటుందని మెలోన్‌ని ఎంచుకున్నారు. ఇంకో కారణం, తొందరగా పండుతుంది. అట్లాంటిక్ వానలు ముదిరేలోపు కోసేయొచ్చు.

రెండో మెట్టు: లేబుల్ మీద రెండు మాటలు వెతకండి

ఒకటి, సెవ్ర్-ఎ-మెన్. నాంత్‌కి ఆగ్నేయంగా ఉన్న రెండు చిన్న నదుల పేర్లు కలిపి పెట్టిన పేరు ఇది. ఈ ప్రాంతపు పేరుకి 1936లోనే చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. మస్కదేలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తుంది. కోత్ ద గ్రాన్‌ల్యూ, కొతో ద లా లువార్ అనే మరో రెండు ప్రాంతాల పేర్లు కూడా కనిపించవచ్చు. అవీ మంచివే. ఏ ప్రాంతం పేరూ లేకుండా ఉత్త 'మస్కదే' అని ఉంటే అది అన్నిటికంటే సాదా రకం.

రెండోది, నా దృష్టిలో ముఖ్యమైనది, స్యుర్ లీ. అంటే 'మడ్డి మీద' అని అర్థం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మస్కదే గుట్టంతా ఇక్కడే ఉంది.

ద్రాక్షరసం పులిసేటప్పుడు పనిచేసిన ఈస్ట్, పని అయిపోయాక చనిపోయి తొట్టె అడుగున మెత్తటి మడ్డిగా పేరుకుంటుంది. మామూలుగా వైన్ చేసేవాళ్ళు వైన్‌ని మరో తొట్టెలోకి మార్చి ఆ మడ్డిని వదిలించుకుంటారు. స్యుర్ లీ మస్కదే చేసేవాళ్ళు మార్చరు. చలికాలమంతా వైన్‌ని ఆ మడ్డి మీదే కదపకుండా ఉంచి, మార్చి నుంచి నేరుగా సీసాల్లో నింపుతారు. ఈ లోపల మూడు పనులు జరుగుతాయి. ఈస్ట్ కణాలు నెమ్మదిగా విడిపోతూ వైన్‌కి కొంచెం నిండుదనం ఇస్తాయి, పల్చటి మజ్జిగలో కాస్త పెరుగు కలిపినట్టు. గాలి వల్ల వైన్ పాడవకుండా మడ్డి కాపాడుతుంది. పులిసినప్పుడు పుట్టిన గ్యాస్ కొంచెం వైన్‌లోనే ఉండిపోతుంది. మంచి మస్కదే తాగినప్పుడు నాలుక కొస మీద చురుక్కుమనేది ఆ గ్యాసే.

ఈ పద్ధతి పెళ్ళిళ్ళకని పక్కన పెట్టిన పీపాతో మొదలైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఇంట్లో శుభకార్యానికి ఒక పీపాని కదపకుండా దాచేవారట. తాగి చూస్తే మిగతా పీపాల కంటే అదే బాగుందట. ఇప్పుడు చాలా చోట్ల వైన్ ఉండేది నేల కింద కట్టిన తొట్టెల్లో. ఓక్ చెక్క వాసన తగలదు కాబట్టి ద్రాక్ష రుచి, పులుపు దాచేవి ఏవీ ఉండవు.

ఇక ధర సంగతి. ఫ్రాన్స్‌లో మంచి స్యుర్ లీ సీసా పది యూరోల అటూ ఇటూ దొరుకుతుంది. ఫ్రాన్స్ తెల్ల వైన్లలో ఇంత తక్కువ ధరకు ఇంత నిజాయతీగా ఉండే వైన్లు తక్కువ. కోసిన ఏడాది చూడండి. మామూలు స్యుర్ లీ అయితే రెండు మూడేళ్ళ లోపుది తీసుకోండి. షాపు కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టిన సీసా మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

శాకాహారులకు ఒక మాట. వైన్‌ని తేటపరచడానికి కొన్ని చోట్ల చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం, గుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్ వాడతారు. ఇది పట్టింపు ఉన్నవాళ్ళు సీసా వెనక వీగన్ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తు లేకపోతే చేసినవాళ్ళని అడగడమే మార్గం.

మూడో మెట్టు: చల్లబరచండి, కానీ గడ్డకట్టించొద్దు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే గ్లాసుల్లో పోసేస్తారు. ఇంటి ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చల్లదనంలో మస్కదేకి ఉన్న కాస్త వాసన కూడా ముడుచుకుపోతుంది, పులుపు ఒక్కటే కొడుతుంది. దీనికి 8 నుంచి 10 డిగ్రీలు సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బల్ల మీద ఉంచితే చాలు. ఎండాకాలం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే పది నిమిషాలు కూడా ఎక్కువే.

తొందరగా చల్లబరచాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి సీసాని మెడదాకా ముంచండి. ఉత్త ఐసులో పెడితే సీసాకి అంతటా తగలదు, ఆలస్యమవుతుంది. నీళ్ళు కలిస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే కార్క్ బయటికి తోసుకొచ్చే ప్రమాదం ఉంది, సీసా పగలొచ్చు కూడా.

చల్లబడ్డ సీసా అడుగున గాజు ముక్కల్లా చిన్న స్ఫటికాలు కనిపిస్తే టెన్షన్ పడకండి. అవి ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం వల్ల ఏర్పడిన ఉప్పు. హాని లేదు. చివరి గ్లాసు నెమ్మదిగా వంచి పోసుకోండి, అవి సీసాలోనే ఉండిపోతాయి.

నాలుగో మెట్టు: మొదటి గుక్క

సన్నగా ఉండే మామూలు తెల్ల వైన్ గ్లాసు చాలు. మూడో వంతు మించి పోయకండి. పోయగానే గ్లాసు గోడకి సూదిమొనంత బుడగలు నాలుగైదు అతుక్కుని కనిపించవచ్చు. స్యుర్ లీకి అది మంచి లక్షణం.

వాసన చూడండి. పెద్దగా ఏమీ రాదు, నిరాశ పడొద్దు. పచ్చి ఆపిల్ కోసినప్పటి వాసన, నిమ్మతొక్క, ఒక్కోసారి తడి రాయి మీద వాన పడ్డప్పటి చల్లదనం, పిండి పులిసిన వాసన ఇంచుమించుగా. తడిసి ఎండిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం కార్క్ చెడిందని అర్థం, ఆ సీసా షాపులో తిరిగి ఇవ్వొచ్చు.

ఇప్పుడు తాగండి. నోటిలో రెండు మూడు క్షణాలు ఉంచండి. దవడల పక్కన నీళ్ళూరుతాయి. మింగాక చివర్లో ఉప్పు అద్దినట్టు ఉంటుంది. మద్యం శాతం మామూలుగా 12 దగ్గరే కాబట్టి గొంతులో మంట ఉండదు. ఎర్ర వైన్‌లో ఉండే వగరూ ఉండదు. ఉన్నదల్లా పులుపు, చల్లదనం, సన్నటి ఉప్పు, మడ్డి ఇచ్చిన కొద్దిపాటి మెత్తదనం. వీటిని గుర్తుపెట్టుకోండి. తిండిని ఎంచుకునేటప్పుడు ఈ నాలుగే లెక్క.

ఐదో మెట్టు: ఆయిస్టర్‌తో పరీక్ష

నాంత్‌కి దక్షిణాన బూర్‌నఫ్ అఖాతంలోనూ, ఉత్తరాన బ్రిటనీ తీరంలోనూ ఆయిస్టర్లు పెంచుతారు. వైన్ తోటలు వాటికి గంట, గంటన్నర దూరంలో ఉంటాయి. ఈ రెండిటి జోడీ ఎవరో కూర్చుని కనిపెట్టింది కాదు. ఒకే సంతలో పక్కపక్క బల్లల మీద పెరిగింది.

కొనేటప్పుడు పెట్టె మీద నంబరు చూడండి. ఫ్రాన్స్‌లో అంకె పెరిగేకొద్దీ ఆయిస్టర్ చిన్నది. 3వ నంబరు అంటే చిప్పతో కలిపి 66 నుంచి 85 గ్రాములు. మొదటిసారి తినేవాళ్ళకి 3 గానీ 4 గానీ మంచిది. చిప్ప గట్టిగా మూసుకుని ఉండాలి, చేతిలో బరువుగా తగలాలి. తెరుచుకున్నదాన్ని తట్టినా మూసుకోకపోతే పారేయండి. ఆయిస్టర్ పచ్చిగా తినేది కాబట్టి గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆయిస్టర్‌ని పచ్చిగా ఎవరూ తినకూడదు.

తెరిచాక లోపలి మొదటి నీళ్ళు వంపేయండి, నిమిషంలో మళ్ళీ ఊరుతాయి, అవి ఇంకా తేటగా ఉంటాయి. ఇప్పుడు ఒక గుక్క వైన్, ఒక ఆయిస్టర్, మళ్ళీ ఒక గుక్క. మింగేయకుండా రెండు మూడుసార్లు నమలండి, లేకపోతే ఉప్పు తప్ప ఏమీ తెలియదు. ఆయిస్టర్‌లోని ఉప్పు వైన్ పులుపుని తగ్గిస్తుంది. వైన్ పులుపు ఆయిస్టర్ జిగురుని కడిగేస్తుంది.

రెండో ఆయిస్టర్‌ మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి తినండి. బాగానే ఉంటుంది. మూడోదాని మీద ఉల్లిపాయ తరుగు వేసిన వెనిగర్ సాస్ పోసి తినండి. వైన్ ఒక్కసారిగా నీరుగారిపోతుంది. ఫ్రాన్స్‌లో చాలా రెస్టారెంట్లలో ఆ సాస్ పెడతారు, చాలామంది ఇష్టంగా తింటారు. నా మటుకు నేను మస్కదే ఉన్న బల్ల మీద ఆ గిన్నె పెట్టను. వెనిగర్ పులుపు ముందు ఈ వైన్ పులుపు నిలవలేదు. దీన్నుంచి ఒక సూత్రం నేర్చుకోవచ్చు: పళ్ళెంలో పులుపు గ్లాసులో పులుపుని మించకూడదు. పక్కన రై బ్రెడ్, ఉప్పు వెన్న ఉంటే ఇంకేం అక్కర్లేదు.

ఆరో మెట్టు: మిగతా పళ్ళెం

మసెల్స్, అంటే నల్ల చిప్పలవి, ఆయిస్టర్ తర్వాత మొదటి జోడీ. గిన్నెలో వెన్న, చిన్న ఉల్లిపాయలు, ఒక గ్లాసు మస్కదే, కడిగిన మసెల్స్ వేసి మూతపెట్టి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు. చిప్పలు విచ్చుకుంటే అయినట్టే, విచ్చుకోనివి తీసి పారేయాలి. వండిన వైన్, తాగే వైన్ ఒకటే అయితే రెండిటి రుచీ ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది.

ఉడకబెట్టిన రొయ్యలు, పీతలు, వెన్నలో వేయించిన స్కాలప్, ఉప్పు చల్లి నిప్పుల మీద కాల్చిన సార్డీన్, ఇవన్నీ నిస్సంకోచంగా పెట్టొచ్చు. లువార్ నదిలో దొరికే బ్రోషే, సాంద్ర అనే చేపలకు బర్ బ్లాన్ అనే వెన్న సాస్ పోసి వడ్డిస్తారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

చేపకి ఎర్ర వైన్ ఎందుకు పడదో చాలామంది అడుగుతారు. 2009లో జపాన్ పరిశోధకులు దీనికి ఒక కారణం చూపించారు. వైన్‌లో ఇనుము ఎక్కువగా ఉంటే సముద్రపు తిండితో కలిసినప్పుడు నీచు వాసన పుడుతుందట. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువ ఉండే అవకాశం ఎక్కువ. దానికి తోడు వగరు. మస్కదేలో ఆ వగరు లేదు.

మాంసం తిననివాళ్ళకు కూడా నాంత్ తోటల్లోనే జోడీ ఉంది. అక్కడి ఇసుక నేలల్లో మాష్ అనే మెత్తటి ఆకుకూర పండిస్తారు, ఫ్రాన్స్‌లో తినే మాష్‌లో ఎక్కువ భాగం అక్కడిదే. దాన్ని కాస్త నూనె, ఉప్పు వేసి, మేకపాల చీజ్ ముక్కలతో తింటే ఈ వైన్ చక్కగా కుదురుతుంది. క్యురే నాంతే అనే ఆవుపాల చీజ్ కూడా ఉంది, వాసన ఘాటుగా, లోపల మెత్తగా. దానికి ముదిరిన మస్కదే మంచిది. స్వీట్లతో మాత్రం వద్దు. తీపి తిన్న నోటికి ఈ వైన్ నిమ్మరసంలా తగులుతుంది.

ఏడో మెట్టు: మన వంటలతో

నాంత్‌లో మా అద్దె ఇంట్లో నేను చేసిన మొదటి ప్రయోగం చేపల పులుసు. చేప ఉంది కాబట్టి కుదురుతుందని ధీమాగా వండాను. పులుసు ముద్ద తిని వైన్ తాగితే గ్లాసులో ఉత్త నీళ్ళున్నట్టే అనిపించింది. అప్పుడు ఆలోచిస్తే అర్థమైంది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లం నుంచి వస్తుంది. ద్రాక్షలో ఉండేదీ అదే ఆమ్లం. ఒకే రకం పులుపు, పులుసులో ఉన్నదే బలమైనది. వెనిగర్ సాస్‌కి చెప్పిన సూత్రమే ఇక్కడా. గోంగూర రొయ్యలకీ, మామిడికాయ చేపలకీ, ఆవకాయకీ అదే తీర్పు. అవి గొప్ప వంటలు, వాటికి ఈ వైన్ అవసరం లేదు.

మరి ఏవి కుదురుతాయి? నెత్తళ్ళ వేపుడు. పసుపు, ఉప్పు, కొద్దిగా కారం, బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించి, దించాక నిమ్మచెక్క పిండినది. నాకు తెలిసినంతలో మన వంటల్లో మస్కదేకి ఇంతకంటే మంచి తోడు లేదు. ఉప్పు, నూనె, కరకర, సముద్రం, నిమ్మ, దీనికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. నూనె పూత నాలుక మీద పేరుకునే లోపు వైన్ పులుపు దాన్ని కడిగేస్తుంది. మిరియాలు, కరివేపాకుతో చేసిన రొయ్యల వేపుడు, ఉప్పునీళ్ళలో ఉడికించిన పీతలు, రవ్వ అద్ది వేయించిన చేప ముక్కలు కూడా బాగుంటాయి.

కారం గురించి జాగ్రత్త. మద్యం తక్కువ, వగరు లేదు కాబట్టి ఈ వైన్ కారాన్ని ఎగదోయదు. కానీ కారం ఒక మోతాదు దాటితే వైన్‌కున్న సన్నటి రుచి వినిపించదు. మన ఇంట్లో వేసే కారంలో మూడో వంతు వేసి చూడండి. అల్లం వెల్లుల్లి తగ్గించండి. లవంగం, దాల్చినచెక్క ఉన్న గరం మసాలా అసలు వద్దు.

శాకాహారంలో పెసర పునుగులు, ఉల్లిపాయ వేయని పల్చటి బజ్జీలు, నేతిలో వేయించి ఉప్పు చల్లిన జీడిపప్పు. పక్కన చట్నీ కావాలంటే కొబ్బరిది చేయండి, చింతపండు వేయకుండా.

ఎనిమిదో మెట్టు: ముదిరిన మస్కదే

రెండు మూడు సీసాలు తాగి రుచి పట్టుబడ్డాక, క్లిసోన్, గోర్జ్, లె పాలే అనే ఊళ్ళ పేర్లున్న సీసాలు వెతకండి. 2011లో ఈ మూడు ఊళ్ళకు లేబుల్ మీద సొంత పేరు వేసుకునే హక్కు వచ్చింది, తర్వాత మరికొన్ని చేరాయి. వీటిని మడ్డి మీద ఏడాదిన్నర, రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా ఉంచుతారు. లేబుల్ మీద స్యుర్ లీ అన్న మాట కనపడకపోవచ్చు, కంగారు పడొద్దు.

క్లిసోన్‌లో గ్రానైట్ నేల, గోర్జ్‌లో గాబ్రో అనే నల్లటి అగ్నిశిల మీద బంకమట్టి. క్లిసోన్ వైన్ కాస్త నిండుగా, పండిన పండు రుచితో ఉంటుంది. గోర్జ్ వైన్ చిన్నప్పుడు బిగుసుకుని ఉండి నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఇవి పదేళ్ళు దాచినా నిలుస్తాయి. లేత వైన్లలో కనపడని తేనె, బాదం వాసనలు అప్పుడు బయటికొస్తాయి. 12 డిగ్రీల దగ్గర, కొంచెం పెద్ద గ్లాసులో పోయండి. వీటికి ఆయిస్టర్ కంటే వెన్న వేసిన వంటలు మంచివి: లాబ్‌స్టర్, క్రీమ్ సాస్ పోసిన చేప, తక్కువ మసాలాతో కాల్చిన కోడి.

తొమ్మిదో మెట్టు: మిగిలినదానితో బర్ బ్లాన్

తెరిచిన సీసాకి కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది. చురుకుదనం మాత్రం మర్నాటికే తగ్గుతుంది. ఆ మిగిలిన గ్లాసుడు పారబోయకుండా చేసుకునేది ఈ సాస్. నాంత్ పక్కన లువార్ ఒడ్డున చిన్న భోజనశాల నడిపిన క్లెమాన్స్ లెఫెవ్ర్ అనే ఆమె 19వ శతాబ్దం చివర్లో దీన్ని మొదలుపెట్టిందని అంటారు. ఇంకో సాస్ చేయబోయి గుడ్డు సొనలు మర్చిపోతే ఇది తయారైందని కథ.

నలుగురికి కొలత: షాలట్‌లు మూడు (దొరక్కపోతే సాంబారు ఉల్లిపాయలు ఎనిమిది), మస్కదే 100 మిల్లీలీటర్లు, వైట్ వైన్ వెనిగర్ రెండు పెద్ద చెంచాలు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 200 గ్రాములు. ఉప్పు వెన్న అయితే ఇంకా మంచిది. వెన్నని చిన్న ముక్కలుగా కోసుకుని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. షాలట్‌లు ఎంత సన్నగా వీలైతే అంత సన్నగా తరగండి.

మందపాటి చిన్న గిన్నెలో షాలట్‌లు, వైన్, వెనిగర్ వేసి సన్నటి మంట మీద మరగనివ్వండి. షాలట్‌లు మెత్తబడి, గిన్నె వంచితే రెండు చెంచాల రసం మాత్రమే కనపడాలి. దీనికి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ వెనిగర్ ఘాటు మరిగేటప్పుడే చాలావరకు పోతుంది, మిగిలిన కాస్త పులుపుని వెన్న మింగేస్తుంది. అందుకే ఈ సాస్ వైన్‌ని దెబ్బతీయదు.

ఇప్పుడు మంట బాగా తగ్గించి రెండు ముక్కల వెన్న వేసి విస్క్‌తో కలుపుతూ ఉండండి. అవి కరిగి తెల్లటి మీగడలా చిక్కబడ్డాకే తర్వాతి రెండు. ఒక్కసారి కూడా ఉడుకు పట్టకూడదు. గిన్నె అంచుల్లో పసుపు నూనె గీతలా కనపడిందంటే వేడెక్కుతోందని అర్థం, వెంటనే పొయ్యి మీంచి దించి, ఒక చల్లటి వెన్న ముక్క వేసి గట్టిగా కలపండి, సర్దుకుంటుంది. వెన్నంతా అయ్యాక ఉప్పు చూసి, మిరియాల పొడి చల్లండి. ఈ సాస్ ఆగదు, మళ్ళీ వేడి చేస్తే విరిగిపోతుంది. కాబట్టి చేపని ముందే ఆవిరి మీద ఉడికించి పళ్ళేల్లో పెట్టి, కొత్త సీసా తెరిచి, అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక చివరి వెన్న ముక్క వేయండి.